పొద్దున పదింటి ఆట

ప్రశ్న: నా వయసు 24. హైదరాబాద్‌లో రంగస్థల కళల్లో పీజీ చేశాను. నాలుగేళ్ళుగా బడిపిల్లల చేత నాటికలు వేయిస్తున్నాను, పోటీల్లో బహుమతులూ వచ్చాయి. జర్మన్ భాషలో బి1 అనే మధ్య స్థాయి పూర్తయింది. జర్మనీలో పిల్లల, యువజన నాటకరంగంలో దర్శకుడిగా స్థిరపడాలని ఉంది. ఇంట్లో మాత్రం "అంత దూరం పోయి పిల్లల నాటకాలేంట్రా" అంటున్నారు. ఏ కాలేజీలో చేరాలి? అది కడుపు నింపే పనేనా? అక్కణ్ణుంచి తర్వాత పెద్దవాళ్ళ నాటకాలకు మారొచ్చా? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: కాలేజీల సంగతికి ముందు ఒక అపార్థం తొలగించుకోవాలి, లేకపోతే దరఖాస్తు మొదటి పేజీలోనే తేడా కొడుతుంది. మన దగ్గర బాలల నాటకం అంటే పిల్లలు వేసేది, పెద్దలు చూసి చప్పట్లు కొట్టేది. జర్మనీలో అది తలకిందులు. వేసేది పెద్దలు, చూసేది పిల్లలు. నటన చదువుకుని నెలజీతం మీద పనిచేసే ఐదారుగురో పదిహేను మందో వారంలో నాలుగైదు రోజులు పొద్దున తొమ్మిదికో పదింటికో స్టేజీ ఎక్కుతారు. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో ఒక్కరూ టికెట్ కొనుక్కుని రాలేదు, టీచరు తోలుకొచ్చారు. నచ్చకపోయినా లేచి పోలేరు, అలాగని మర్యాదకు చప్పట్లూ కొట్టరు. దర్శకుడు తీసుకునే ప్రతి నిర్ణయం మీదా ఈ పదింటి ఆట నీడ ఉంటుంది.

మీరు నాలుగేళ్ళుగా చేస్తున్న పనికి అక్కడ వేరే పేరుంది: థియేటర్‌పెడగోగిక్. దాదాపు ప్రతి యువజన థియేటర్‌లోనూ అందుకోసం ఒక విభాగం ఉంటుంది. పిల్లల నాటక క్లబ్బులు నడపడం, నాటకానికి ముందూ తర్వాతా బడికి వెళ్ళి తరగతితో పనిచేయడం, టీచర్లకు సామగ్రి తయారు చేయడం వాళ్ళ పని. బెర్లిన్ కళల విశ్వవిద్యాలయంలోనూ, ఓస్నాబ్రుక్ హోఖ్‌షూలె అనే ఉన్నత విద్యాసంస్థ వాళ్ళ లింగెన్ క్యాంపస్‌లోనూ దీనికి పూర్తి స్థాయి చదువులున్నాయి. మీ అనుభవం నేరుగా పనికొచ్చేది ఇక్కడే. దర్శకత్వం వేరే వృత్తి, దానికి వేరే పరీక్షలు. "నేను పిల్లల చేత నాటకాలు వేయిస్తాను" అని రాసి దర్శకత్వ శాఖకు పంపితే, మర్యాదగా పెడగోగిక్ శాఖ చిరునామా ఇచ్చి పంపేస్తారు. ఏది కావాలో ముందే తేల్చుకోండి. మధ్యలో మారినవాళ్ళు లేకపోలేదు గానీ, ఏళ్ళు గడిచే కొద్దీ మీద పడిన ముద్ర గట్టిపడుతుంది.

ప్రొఫెషనల్ స్టేజీ మీదికి పిల్లల్ని ఎక్కించాలన్నా మన దగ్గరంత సులువు కాదు. బాలకార్మిక రక్షణ చట్టం ప్రకారం నాటక ప్రదర్శనల్లో ఆరేళ్ళు దాటిన పిల్లలు రోజుకు గరిష్ఠంగా నాలుగు గంటలు, అదీ పొద్దున 10 నుంచి రాత్రి 11 లోపే పాల్గొనాలి. ఒక్కొక్కరికీ ప్రభుత్వ పర్యవేక్షణ శాఖ అనుమతి, తల్లిదండ్రుల సంతకం, మూడు నెలలు దాటని డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. నాటకాన్ని పెద్ద నటులకే అప్పగించడానికి కళాపరమైన కారణాలు ఎన్ని చెప్పినా, ఈ కాగితాల భారం కూడా ఒక కారణమే.

ఇక ఇంట్లోవాళ్ళ మాట. ఇది పిల్లలాట కాదని వాళ్ళకు చెప్పడానికి ఈ రంగం చరిత్రే చాలు. లైప్‌జిగ్‌లోని థియేటర్ డెర్ యుంగెన్ వెల్ట్ 1946లో మొదలైంది. యుద్ధం ముగిసి ఏడాదిన్నర, ఊరు ఇంకా శిథిలాల్లో ఉంది. డ్రెస్డెన్ యువజన థియేటర్ 1949లో, బెర్లిన్‌లో ఇప్పుడు పార్కావె పేరుతో ఉన్నది 1950లో వచ్చాయి. ఇవన్నీ తూర్పు వైపు, ప్రభుత్వ జీతాల మీద, పెద్ద నటబృందాలతో నడిచినవి. పశ్చిమాన కథ వేరు. 1966లో పశ్చిమ బెర్లిన్‌లో ఒక రాజకీయ వ్యంగ్య కాబరే పక్కన పిల్లల కోసం చిన్న బృందం పుట్టి, 1972లో గ్రిప్స్ అని పేరు పెట్టుకుంది. ఫోల్కర్ లుడ్విగ్ దాని మూలపురుషుడు. రాజులూ రాక్షసులూ పోయి ఇరుకు ఫ్లాట్లు, ఉద్యోగం పోయిన నాన్న, అరిచే ఇంటి యజమాని స్టేజీ మీదికొచ్చారు. ఆ నాటకాలను మోహన్ అగాషే 1986లో పుణెకు తెచ్చి మరాఠీలో వేయించారు, అక్కడా పెద్దలే పిల్లల పాత్రలు వేశారు. మీరు జర్మనీ దాకా పోకుండానే ఈ పద్ధతిని చూడగలిగే దగ్గరి చోటు పుణె. ఒకసారి వెళ్ళి రండి. నలభై ఏళ్ళ నటుడు ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి ముద్దుమాటలు లేకుండా, గొంతు సాగదీయకుండా ఎలా వేస్తాడో చూడ్డమే సగం శిక్షణ.

తర్వాత నగర థియేటర్లు తమలోనే యువజన శాఖలు తెరిచాయి: డ్యూసెల్‌డోర్ఫ్‌లో 1976లో, మాన్‌హైమ్‌లో 1979లో. 2004లో స్టుట్‌గార్ట్‌లో యుంగెస్ ఆన్సాంబుల్ అనే యువజన థియేటర్ వచ్చింది. ఇప్పుడు ఇదో సమాంతర వ్యవస్థ. రెండేళ్ళకోసారి బెర్లిన్‌లో దీనికి సొంత జాతీయ ఉత్సవం జరుగుతుంది. జర్మన్ నాటకరంగపు పెద్ద పురస్కారం డెర్ ఫౌస్ట్‌లో పిల్లల, యువజన నాటక దర్శకత్వానికి విడిగా ఒక బహుమతి ఉంది.

"అక్కణ్ణుంచి పెద్ద నాటకాలకు మారొచ్చా" అన్నదానికి జవాబు కూడా ఈ వ్యవస్థలోనే ఉంది. ఇక్కడ ఎదిగినవాళ్ళు ఎక్కువగా ఇక్కడే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారతారు. ఆండ్రియా గ్రోనెమాయర్ 2002 నుంచి మాన్‌హైమ్ యువజన శాఖను నడిపి, 2017లో మ్యూనిక్‌లోని షావ్‌బుర్గ్ అనే యువజన థియేటర్‌కు అధిపతిగా వెళ్ళారు. మాన్‌హైమ్‌లో ఆమెకు ముందున్న బ్రిగిట్టె డెతియే వెళ్ళి స్టుట్‌గార్ట్‌ది నిర్మించారు. ష్టెఫాన్ ఫిషర్-ఫెల్స్ గ్రిప్స్‌లో డ్రామటర్గ్‌గా, అంటే నాటకాల ఎంపికా ప్రతుల సంగతీ చూసే సలహాదారుగా ఉండి డ్యూసెల్‌డోర్ఫ్ యువజన శాఖకు, అక్కణ్ణుంచి గ్రిప్స్ అధిపతిగా, మళ్ళీ డ్యూసెల్‌డోర్ఫ్‌కు. పిల్లల నాటకం పెద్ద నాటకానికి మెట్టు అనుకుని వచ్చేవాళ్ళను ఈ థియేటర్లు మొదటి ఇంటర్వ్యూలోనే పసిగడతాయి. పెద్దల నాటకాలు చేసే దర్శకులు ఇటు రావడం ఈమధ్య పెరిగింది. ఇటు నుంచి అటు వెళ్ళడం ఉంది గానీ దాన్ని నమ్ముకుని బయల్దేరొద్దు.

దారులు మూడు. మొదటిది దర్శకత్వ పాఠశాల: బెర్లిన్ ఎర్న్‌స్ట్ బుష్, హాంబుర్గ్, ఎస్సెన్ ఫోల్క్‌వాంగ్, ఫ్రాంక్‌ఫుర్ట్, మ్యూనిక్, లుడ్‌విగ్స్‌బుర్గ్. ఒక్కోచోట ఏటా వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందినే తీసుకుంటారు. వాళ్ళిచ్చిన నాటకం మీద రాతపూర్వక ప్రణాళిక, ఆ తర్వాత నటులతో ఒక దృశ్యం కట్టి చూపించడం, ఆఖర్న ఇంటర్వ్యూ. ప్రభుత్వ సంస్థల్లో ఫీజు దాదాపు లేదు, బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం ఐరోపా బయటివాళ్ళకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. ఎక్కడైనా వీసాకు బ్లాక్డ్ ఖాతాలో, అంటే నెలకింత అనే తీసుకోనిచ్చే బ్యాంకు ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపాలి. ఈ అంకె తరచూ మారుతుంది కాబట్టి దరఖాస్తు నాటికి మళ్ళీ చూసుకోండి. మనవాళ్ళకు ఏపీఎస్ సర్టిఫికెట్, అంటే మన చదువు పత్రాలు సరైనవేనన్న ధ్రువీకరణ, అదనం. ఈ పాఠశాలల్లో చదువంతా పెద్దల నాటకం చుట్టూనే తిరుగుతుంది. పిల్లల కోసం ఎలా చేయాలో ఆ తర్వాత పనిలో పడే నేర్చుకోవాలి.

రెండోది, మా ఉద్దేశంలో మీకు సరిపోయేది, సహాయ దర్శకుడి దారి. యువజన థియేటర్లలో చాలామంది దర్శకులు ఈ తలుపులోంచే వచ్చారు. రెండు మూడు సీజన్లు పని. సీజన్ అంటే ఆగస్టు 1 నుంచి జూలై 31. ఏడాదికి నాలుగైదు నాటకాల్లో వేర్వేరు దర్శకుల పక్కన కూర్చుంటారు. రిహార్సల్ షెడ్యూలు, నేల మీద రంగురంగుల టేపుతో సెట్టు గీతలు, వస్తువుల జాబితా, టీ, అలిగిన నటుణ్ణి బుజ్జగించడం, అన్నీ మీవే. వీటన్నిటికంటే విలువైనది రెజీబుహ్ అనే పుస్తకం. సంభాషణల ప్రతిని కాగితానికి ఒక వైపే అచ్చు వేసి ఫైల్లో గుచ్చుతారు, ఎదుటి ఖాళీ పేజీలో పెన్సిల్‌తో ఎవరు ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఏ మాట దగ్గర, చేతిలో ఏముండగా అన్నది రాస్తారు. పెన్నుతో రాస్తే మర్నాడే చింతించాలి, ఎందుకంటే దర్శకుడు దాన్ని ఆరుసార్లు మారుస్తాడు. ప్రీమియర్ కాగానే దర్శకుడు రైలెక్కి వెళ్ళిపోతాడు. నాటకం మాత్రం రెండు మూడేళ్ళు ఆడుతుంది. ఎవరికో జ్వరం వస్తుంది, ఇంకెవరో ఉద్యోగం మారతారు. కొత్త నటుణ్ణి నాలుగైదు రోజుల్లో పాత్రలోకి దింపాల్సింది మీరు, ఆ పుస్తకం చూసి. ఈ పని శుభ్రంగా చేసినవాడికే రెండో సీజన్లో సొంత నాటకం ఇస్తారు. అది దాదాపు ఎప్పుడూ తరగతిగది నాటకమే.

తరగతిగది నాటకాన్ని చిన్నచూపు చూడకండి. ఒకరో ఇద్దరో నటులు, సెట్టంతా ఒక సూట్‌కేసులోనో రెండు పెట్టెల్లోనో పట్టాలి, బెంచీలు జరిపితే మిగిలిన జాగాలో ఆడాలి. ఒక పీరియడ్ 45 నిమిషాలు. అందుకని నాటకం 40 లోపు ఉంటే పిల్లలతో మాట్లాడే పని తర్వాతి పీరియడ్‌లోకి హాయిగా జరుగుతుంది, 47 అయిందంటే ముగింపు మీద గంట మోగుతుంది. సర్దుకోవడానికి దొరికేది ఇరవై నిమిషాల పెద్ద విరామం. లైట్లు లేవు, ట్యూబ్‌లైటే. తెర లేదు, నటుడు తలుపులోంచే రావాలి. కొత్తవాళ్ళు పడే గోతులు ఎప్పుడూ అవే. నటుడి చేత పిల్లల్ని ప్రశ్న అడిగిస్తారు గానీ వాళ్ళు నిజంగానే జవాబు చెబితే ఏం చేయాలో రాసుకోరు. లేదా టీచరు వెనక నుంచి "ష్" అంటూ ఉంటే నటుడు ఆమెతో పోటీకి దిగి గొంతు పెంచుతాడు. టీచర్లతో నాటకానికి ముందే ఐదు నిమిషాలు మాట్లాడి "ఈ గంట అదుపు మాది, మీరు ఊరికే చూడండి" అని చెప్పడం రిహార్సల్లో భాగమే అనుకోండి. స్పీకర్లో ప్రిన్సిపల్ ప్రకటన వస్తే నటుడు ఆగి, పాత్రలోనే ఉండి, అది విని, మళ్ళీ మొదలుపెట్టాలి. అది కూడా సాధన చేయించాలి.

థియేటర్ భవనంలో చేసే నాటకానికి క్యాలెండర్ ఇలా ఉంటుంది. ప్రీమియర్‌కు మూడు నుంచి ఆరు నెలల ముందు బావ్‌ప్రోబె: అసలు స్టేజీ మీద చెక్కపలకలూ పాత గుడ్డలూ నిలబెట్టి సెట్టు ఎలా ఉంటుందో చూస్తారు. సెట్టు తలరాత ఆ రోజే తేలిపోతుంది, తర్వాత మార్చాలంటే వర్క్‌షాపు వాళ్ళతో గొడవే. ఆ రోజు ఎనిమిదో వరుసలో కాలు మీద కాలేసుకుని కూర్చోకండి. కూర్చున్న ఆరేళ్ళ పిల్ల కంటి ఎత్తు నేల నుంచి మీటరుకు అటూ ఇటూ. మూడో వరుసలో కుర్చీలోంచి కిందికి జారి చూడండి. స్టేజీ అంచున నేల మీద పడుకుని చెప్పే గొప్ప సంభాషణ కనబడకుండా పోయేది ఇక్కడే.

రిహార్సళ్ళు ఆరు వారాలు, కొన్నిచోట్ల ఎనిమిది. పెద్దల థియేటర్‌లో పొద్దున పది నుంచి రెండు, మళ్ళీ సాయంత్రం ఆరు నుంచి పది. ఇక్కడ నటులకు పొద్దున వేరే నాటకం ఉంటుంది, ముందు రాత్రి ఆలస్యంగా వదిలితే చట్టప్రకారం విశ్రాంతి సమయం కుదరదు. కాగితం మీద ఆరు వారాలు చేతిలో నాలుగున్నరే అవుతాయి. మొదటి వారంలోనే ప్లానింగ్ ఆఫీసు దగ్గరికి వెళ్ళి ఏ రోజు ఎవరు దొరుకుతారో పట్టిక తీసుకోనివాడు నాలుగో వారంలో బోరుమంటాడు.

ఆ నాలుగో వారానికి పిల్లల్ని పిలవాలి. ప్రతి నాటకానికీ ఒక దత్తత తరగతి ఉంటుంది, వాళ్ళు మధ్యలో వచ్చి చూస్తారు. అప్పుడు మీరు స్టేజీ వైపు చూడొద్దు. పక్కకు తిరిగి కూర్చుని, గడియారం పెట్టుకుని, పిల్లల్ని చూడండి. చప్పుడు అంతా ఒకటి కాదు. పక్కవాడి చెవిలో "వాడు అబద్ధం చెప్తున్నాడు" అని గుసగుసలాడటం మంచి చప్పుడు. కాళ్ళు కుర్చీకి తన్నడం మొదలైతే ఆ నిమిషం రాసుకోండి. ముగ్గురు పిల్లలు ఒకే నిమిషంలో బాత్రూంకి లేచారంటే ఆ దృశ్యానికి కత్తెర వేయాల్సిందే, రచయిత ఎంత గొప్పవాడైనా సరే. తర్వాత "నచ్చిందా?" అని అడగొద్దు, అందరూ అవునంటారు. "ఏం జరిగిందో చెప్పండి" అనండి. వాళ్ళు కథ చెబుతూ ఎక్కడ తడబడితే అక్కడ మీ నాటకం తడబడింది.

నిడివి నాలుగేళ్ళవాళ్ళకు 45–50 నిమిషాలు, ఆరేళ్ళవాళ్ళకు గంట లోపు, హైస్కూలు వాళ్ళకు 70–90, మధ్యలో విరామం లేకుండా. చాలా రోజులు తొమ్మిదికీ పదకొండుకీ రెండాటలుంటాయి. 75 నిమిషాల నాటకం పదింపావుకు అయిపోయి, పిల్లలతో మాటామంతీ పదిన్నరకు ముగిసి, పావు తక్కువ పదకొండుకు మళ్ళీ తలుపులు తీస్తే, స్టేజీ సర్దడానికి మిగిలేది పావుగంట. మీరు ముగింపులో పిండి చల్లించారా, నీళ్ళు పోయించారా, కాగితపు ముక్కలు ఎగరేయించారా? సాంకేతిక అధిపతి అది కొట్టేస్తాడు, న్యాయం అతనిదే. అలాగే చిన్నపిల్లల ముందు ఒక్కసారిగా చిమ్మచీకటి చేయకండి. వెలుతురు మెల్లగా తగ్గించి, కొంచెం మిగిల్చండి. లేకపోతే మొదటి ఐదు నిమిషాలు ఏడుపులకే పోతాయి.

ఇక వైనాఖ్ట్స్‌మేర్షెన్ అనే క్రిస్మస్ కథానాటకం. నవంబరు, డిసెంబరులో జర్మనీలో దాదాపు ప్రతి నగర థియేటర్ పెద్ద హాల్లో, పొద్దున రెండేసి ఆటలు వేస్తుంది. ఊళ్ళో సగం బళ్ళు వస్తాయి. స్వతంత్ర దర్శకులకు ఎక్కువగా దొరికే పని ఇదే. ఏడెనిమిది వందల మంది పిల్లల హాలులో తరగతిగది నాటకపు నైపుణ్యం ఏమీ పనిచేయదు. కనురెప్ప కదలిక ఎవరికీ కనబడదు, అంతా పాట, రంగు, పరుగు. ఒక మంచి దర్శకుడికి రెండూ వచ్చి ఉండాలి. ఇక్కడ ప్రేక్షకులు బాగా అరిచారంటే నాటకం బాగుందని కాదు. "విలన్ ఎటు పోయాడు?" అని అడిగితే ఏ నాటకానికైనా అరుస్తారు.

డబ్బు. సహాయ దర్శకుడు ఎన్.వి. బ్యూనె అనే నాటకరంగ ఉమ్మడి ఒప్పందం కిందికి వస్తాడు. దాని కనీస జీతం 2023 జనవరి నుంచి నెలకు 2,715 యూరోలు, ఆ తర్వాత పెరిగింది. ఆ 2,715లో పన్నులు పోగా ఒంటరి మనిషి చేతికి 1,900 లోపే. ఒప్పందం ఏడాదికే. అక్టోబరు 31 లోపు "వచ్చే సీజన్‌కు పొడిగించం" అని నోటీసు రాకపోతే ఇంకో ఏడాది దానంతటదే సాగుతుంది. అందుకే అక్టోబరు వచ్చిందంటే ప్రతి థియేటర్ క్యాంటీన్‌లో గాలి బరువెక్కుతుంది. ఇంటెండాంట్, అంటే థియేటర్ అధిపతి, మారినప్పుడు కొత్తవాళ్ళు తమ మనుషుల్ని తెచ్చుకోవడం మామూలే, దాన్ని మనసుకు తీసుకోకూడదు.

స్వతంత్ర దర్శకుడైతే నాటకానికింత అని మొత్తం మాట్లాడుకుంటారు, వాయిదాల్లో ఇస్తారు. లెక్క ఇలా వేసుకోండి: ఉదాహరణకు 8,000 యూరోలు అన్నారనుకుందాం. రిహార్సళ్ళు ఆరు వారాలే అయినా నాటకం ఎంచుకోవడం, ప్రతిని కుదించడం, సెట్టు మాటలు, బావ్‌ప్రోబె కలిపితే నిజంగా మూడు నెలల పని. అంటే నెలకు 2,700 కూడా లేదు, అందులోనే పన్ను. ఏడాదికి మూడు చేస్తే బతుకుతారు, రెండైతే వర్క్‌షాపులు పట్టుకోవాలి. ఆరోగ్య బీమా, పింఛను కోసం 1983 నుంచి నడుస్తున్న క్యున్‌స్ట్‌లర్‌జోట్సియాల్‌కాస్సె అనే కళాకారుల బీమా నిధిలో తప్పక చేరండి. సగం మీరు కడితే మిగతా సగం అటు నుంచి వస్తుంది. కళ మీద ఏడాదికి 3,900 యూరోల సంపాదన చూపాలి, మొదటి మూడేళ్ళు కొత్తవాళ్ళకు ఆ షరతు లేదు.

మూడో దారి సొంత బృందం పెట్టి నగర నిధులకు దరఖాస్తు చేసుకోవడం. మీరు ఆ దేశంలో ఐదారేళ్ళు ఉన్నాక ఆలోచించండి, ఇప్పుడు కాదు.

భాష గురించి నీళ్ళు నమలకుండా చెప్పాలి: బి1తో దర్శకత్వం కుదరదు. నటుడు తన వాక్యాలు కంఠస్థం చేయొచ్చు, దర్శకుడు రోజుకు ఎనిమిది గంటలు అప్పటికప్పుడు మాట్లాడాలి, పైగా ఎదుటివాడు నొచ్చుకోకుండా. సి1 అనే పై స్థాయి దాకా రండి, హైదరాబాద్‌లోని గోయెథె సెంట్రుమ్‌లో మొదలుపెట్టి మిగతాది అక్కడ. ఈలోగా మాటలు తక్కువగా ఉండే నాటకాల మీద కన్నేయండి: రెండేళ్ళ పిల్లల కోసం చేసే అరగంట ప్రదర్శనలు, బొమ్మలాట, వస్తువులతో ఆడే నాటకం. మాన్‌హైమ్‌లోనో బెర్లిన్‌లోనో ఒక తరగతిలో ఎన్నో ఇంటి భాషలుంటాయి, మాట లేకుండా కథ నడిపేవాళ్ళ అవసరం నిజంగానే ఉంది. తోలుబొమ్మలాట మీకు చేతనైతే చూపండి. ఫోటో కోసం రెండు బొమ్మలు పట్టుకుపోయి "మా సంప్రదాయం" అనొద్దు, ఆ వేషం ఒక్క సీజన్ కూడా నిలవదు.

మరి ముందు ఏం చేయాలి? వయసు 24 కాబట్టి మీకో మంచి తలుపు తెరిచే ఉంది: ఎఫ్.ఎస్.జె. కుల్టూర్ అనే ఏడాది స్వచ్ఛంద సేవ. 27 నిండకముందే మొదలుపెట్టాలి. మామూలుగా 12 నెలలు, 25 రోజుల సెమినార్లతో కలిపి, సీజన్ మొదట్లో చేరతారు. ఇచ్చేది చేతిఖర్చే కాబట్టి ఇంటి అద్దెకు మీ దగ్గర కొంత ఉండాలి, వీసా అధికారి కూడా అదే అడుగుతాడు. దీనికి విడిగా వీసా ఉంది. టూరిస్టు వీసా మీద వెళ్ళి రిహార్సళ్ళలో పనిచేయడం మాత్రం కుదరదు, ఎవరు చెప్పినా వినొద్దు.

దరఖాస్తుల్ని శీతాకాలంలోనే మొదలుపెట్టండి. బెర్లిన్, హాంబుర్గ్ వదిలేసి చిన్న ఊళ్ళ థియేటర్లనూ, ఊరూరా తిరిగే లాండెస్‌బ్యూనెలనూ చూడండి, అక్కడ పోటీ తక్కువ, చేతికి పని ఎక్కువ. ఉత్తరం ఒక పేజీ. వాళ్ళ ఈ సీజన్ నాటకాల్లో ఒకదాని పేరు చెప్పి, ఏ వయసు వాళ్ళకు అని చూసి, అందులో మీకు ఆసక్తి దేనిమీదో రెండు వాక్యాల్లో రాయండి. మీ వీడియో ఐదు నిమిషాలు మించకూడదు, అందులో స్టేజీతో పాటు చూస్తున్న పిల్లలు కూడా కనబడే షాట్ ఒకటి ఉండాలి. బహుమతుల ఫోటోలు పెట్టకండి. రెండు వారాలకు జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. జూలై మధ్య దాటితే థియేటర్లు ఆరు వారాలు మూతపడతాయి, అప్పుడు రాసిన ఉత్తరం ఎవరి కంటా పడదు. ఆగస్టు చివర్లో మళ్ళీ పంపండి.